నియాన్‌లో మునిగిన పదహారు గొట్టాలు

(జీవం కోసం వెతుకులాట – 11వ భాగం)

పోయిన భాగంలో అంగారకుడి మీద ఆగాం. 1976 జూలై 20న వైకింగ్-1, సెప్టెంబర్ 3న వైకింగ్-2 అక్కడ దిగాయి. పిడికెడు మట్టి తీసి, పోషక ద్రవం చల్లి, అందులో ఏదైనా తింటున్నదా, ఊపిరి వదులుతున్నదా అని చూశాయి. గిల్బర్ట్ లెవిన్ రూపొందించిన పరీక్ష జీవం ఉందన్నది. ఆ పక్కనే ఉన్న ఇంకో పరికరం మట్టిలో కర్బన అణువుల జాడే లేదన్నది. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ లవణాలను పట్టుకున్నాక, వైకింగ్ మట్టిని వేడి చేసినప్పుడు ఉన్న కాస్త కర్బనాన్నీ అవే కాల్చేశాయేమో అన్న అనుమానం వచ్చి పేచీ మళ్లీ మొదటికొచ్చింది.

ఈ వారం అంత దూరం పోయే పని లేదు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దాకా పోతే చాలు.

ఇన్నాళ్లూ ఈ ధారావాహికలో మనం చూసిన వాళ్లంతా జీవాన్ని వెతుక్కుంటూ ఇంకో గ్రహానికి పరికరాలు పంపినవాళ్లే. హైదరాబాద్ నుంచి జరిగిన ప్రయత్నం తీరు వేరు. ఇంకెక్కడో జీవం ఉన్న మాట నిజమైతే, అది మన గాలిలోకి రాలుతూ ఉండొచ్చు కదా? మనమే కొంచెం పైకి పోయి కాచుకుంటే దొరకదా? దానికి కావలసింది ఒక పెద్ద బుగ్గ, దాని కింద వేలాడే కొన్ని ఉక్కు గొట్టాలు. 2001లో ఒకసారి, 2005లో ఇంకోసారి ఆ బుగ్గ లేచింది.

ఆలోచన పాతదే. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ 20వ శతాబ్దం తొలి పదేళ్లలోనే, సూక్ష్మజీవుల బీజాలు వెలుతురు తోపుడుకు ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రం దాకా కొట్టుకుపోగలవని రాశాడు. తర్వాత అందరూ దాన్ని మరిచిపోయారు. మళ్లీ బతికించింది బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్, శ్రీలంకలో పుట్టిన ఆయన శిష్యుడు చంద్ర విక్రమసింఘె. నక్షత్రాల మధ్య పరుచుకున్న దుమ్ము వెలుతురును మింగే తీరు, ఎండిన బ్యాక్టీరియా మింగే తీరు ఒకటేనని వాళ్లు వాదించారు. 1979లో ఏకంగా రోగాలు కూడా అంతరిక్షం నుంచే వస్తున్నాయని పుస్తకం వేశారు. తోటి శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది పెదవి విరిచారు.

హోయిల్‌కు ఇంకో శిష్యుడు ఉండేవాడు. కొల్హాపూర్‌లో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో చదివి, పుణేలో ఐయూకా పరిశోధన సంస్థను నిలబెట్టిన జయంత్ నార్లికర్. మహా విస్ఫోటనంతో విశ్వం మొదలైందన్న సిద్ధాంతాన్ని హోయిల్, నార్లికర్ ఇద్దరూ చివరిదాకా ఒప్పుకోలేదు. విశ్వానికే మొదలు లేదనుకున్నవాళ్లకు జీవానికి మాత్రం ఈ భూమ్మీదే, ఫలానా కాలంలోనే మొదలు ఎందుకుండాలి? వాళ్లను ఈ దారిలోకి లాగింది అదేనని నా అంచనా. అయితే నార్లికర్‌కు ఇంకో గుణం ఉండేది. మాట అన్నాక దాన్ని పరీక్షకు పెట్టాలనేవాడు. జాతకాలు నిజమా కాదా అన్నది కూడా గణాంకాలతో తేల్చడానికి జ్యోతిష్కులకు పరీక్ష పెట్టిన మనిషి.

పరీక్షకు చోటు సిద్ధంగా ఉంది. విశ్వకిరణాల కోసం హోమీ భాభా 1940లలో మొదలుపెట్టిన బెలూన్ల పనికి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ (టీఐఎఫ్ఆర్) 1969లో హైదరాబాద్‌లో, ఈసీఐఎల్ దగ్గర, శాశ్వత కేంద్రం కట్టింది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఊరు కావడంతో తక్కువ శక్తి గల విశ్వకిరణాలను భూమే ఆపేస్తుంది, ఎక్స్ కిరణాల పరిశీలనకు గొడవ తక్కువ. చుట్టూ వందల కిలోమీటర్ల దాకా సముద్రం లేదు, పరికరం ఎక్కడ దిగినా పొలంలోనో పోరంబోకులోనో దొరుకుతుంది. దొరకడానికి ఏర్పాటు కూడా ఉంది. సీజన్ మొదలవుతున్నదంటే తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాల ప్రజలకు ప్రకటన ఇస్తారు: రంగుల పారాచూట్‌తో పెట్టె ఏదైనా దిగితే ముట్టుకోవద్దు, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో చెప్పండి, తగిన బహుమానం ఇస్తాం అని. ప్రకటన అందరి చెవినా పడుతుందని కాదు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో తెల్లటి గుండ్రటి గది లాంటిది ఆకాశం నుంచి దిగితే ఊరు ఊరంతా కదిలొచ్చింది. అది అంతరిక్ష యాత్రల కోసం ఒక స్పెయిన్ కంపెనీ ఇక్కడి నుంచి ఎగరేసిన ఖాళీ నమూనా.

ఈసీఐఎల్ నుంచి మా మేడిపల్లికి గాలి దారిన సుమారు 150 కిలోమీటర్లు. (మేడిపల్లి అనగానే హైదరాబాద్ వాళ్లు ఉప్పల్ అవతల వరంగల్ రోడ్డు మీదిది అనుకుంటారు. నేను చెప్పేది జగిత్యాల, కోరుట్ల మధ్యనున్న మేడిపల్లి.) హైదరాబాద్ నెత్తి మీద 41 కిలోమీటర్ల ఎత్తున బెలూన్ ఉంటే, ఇక్కడ దక్షిణాన నేల అంచు నుంచి 15 డిగ్రీల పైన, అంటే దూరపు తాటిచెట్ల కన్నా కొంచెం ఎత్తున, చుక్కలా కనబడాలి. అంత ఎత్తుకు సూర్యుడు మనకంటే దాదాపు అరగంట ముందే ఉదయిస్తాడు. కింద ఇంకా చీకటి ఉండగానే అది మెరుస్తుంది. తెల్లారి బాయికాడికి పోతూ కదలని చుక్కను చూసి గాలిమోటరనో గ్రహాంతరవాసులనో అనుకున్నవాళ్లు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో లెక్క ఎవరూ రాయలేదు గానీ, ఉండే ఉంటారు.

ఇక గొట్టాల సంగతి. క్రయోసాంప్లర్ అనే ఈ పరికరం సూక్ష్మజీవుల కోసం పుట్టింది కాదు. ఓజోన్ పొరను తినేసే ఫ్రిజ్ వాయువులు పైన ఏ ఎత్తులో ఎంతెంత ఉన్నాయో కొలవడానికి, అహ్మదాబాద్ ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ వాళ్లు హైదరాబాద్ నుంచి ఇలాంటి వాటిని ఎగరేస్తూ వచ్చారు. అక్కడి చిక్కు ఏమిటంటే, 41 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో దాదాపు నాలుగు వందల్లో ఒక వంతు. ఖాళీ డబ్బా మూత తీస్తే అందులోకి వచ్చేది కూడా అంత పల్చటి గాలే. అది పరీక్షకు ఏ మూలకూ చాలదు. అందుకని ఉక్కు గొట్టాలను ద్రవ నియాన్‌లో ముంచి పంపుతారు. నియాన్ మరిగేదే మైనస్ 246 డిగ్రీల దగ్గర. ఆ చలికి నత్రజని, ఆక్సిజన్ రెండూ గడ్డకడతాయి. ఎండాకాలం చల్లటి నీళ్ల చెంబుకు చెమట పట్టినట్టు గొట్టం లోపలి గోడకు గాలి పేరుకుంటుంది. పేరుకున్న కొద్దీ లోపల ఖాళీ ఏర్పడి, ఆ ఖాళీలోకి బయటి గాలి ఇంకా తోసుకొస్తుంది. మోటారు లేని పంపు. నేల నుంచి రేడియో ఆజ్ఞతో ఒక్కో గొట్టం కవాటాన్ని ఒక్కో ఎత్తులో తెరిచి మూస్తారు. వాయువుల కోసం చేసిన ఈ పంపు గాలితోపాటు దుమ్మును కూడా పీలుస్తుంది. ఆ దుమ్ములో ఏముందో చూద్దామన్నదే నార్లికర్ బృందం ఎత్తుగడ.

మొదటి బెలూన్ 2001 జనవరి 21న లేచింది. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల దాకా నాలుగు అంచెల్లో గాలి పట్టింది. నమూనాలను రెండుగా పంచారు. కొన్ని విక్రమసింఘె ఉన్న బ్రిటన్‌లోని కార్డిఫ్‌కు, కొన్ని హైదరాబాద్‌లోని కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి. కార్డిఫ్‌లో బతికున్న కణాలను మాత్రమే పట్టుకునే రంగు వేసి చూస్తే, 41 కిలోమీటర్ల ఎత్తు నమూనాలో కూడా కణాల గుంపులు మెరిశాయి. ఆ జూలైలోనే విక్రమసింఘె అమెరికాలో ఒక సదస్సులో దీన్ని ప్రకటించాడు. ఆగస్టు 20న హోయిల్ చనిపోయాడు. ఆ తర్వాత షెఫీల్డ్‌కు చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త మిల్టన్ వెయిన్‌రైట్ ఆ నమూనాల్లోంచి రెండు బ్యాక్టీరియాలను, ఒక శిలీంధ్రాన్ని పెంచగలిగాడు. మూడూ భూమ్మీద ఎప్పటి నుంచో తెలిసినవే.

ఇక్కడ కొందరు తొందరపడ్డారు. 2003 మే నెలలో, సార్స్ ప్రపంచాన్ని వణికిస్తున్నప్పుడు, ప్రముఖ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక లేఖ వచ్చింది. హైదరాబాద్ బెలూన్ ఫలితాల ఆధారంగా రోజుకు ఒక టన్ను బ్యాక్టీరియా పదార్థం అంతరిక్షం నుంచి భూమ్మీద రాలుతున్నదని, అంటే చదరపు మీటరుకు సుమారు 20,000 బ్యాక్టీరియా అని, సార్స్ వైరస్ కూడా అలాగే హిమాలయాలకు తూర్పున దిగి ఉండొచ్చని దాని సారాంశం. సంతకాలు విక్రమసింఘె, వెయిన్‌రైట్, ఇంకా నార్లికర్‌వి. వైరస్ జన్యుక్రమం అప్పటికే బయటికొచ్చింది, దాని చుట్టాలు భూమ్మీదే ఉన్నాయని కనబడుతూనే ఉంది. నాలుగు అంచెల గాలి, రెండు రకాల బ్యాక్టీరియా పట్టుకుని ఒక మహమ్మారి పుట్టుక దాకా పోవడం నార్లికర్ స్థాయికి తగిన పని కాదని నేననుకుంటాను. ఆయన మీద నాకున్న గౌరవంతోనే అంటున్నాను.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఆ జీవులు పైనుంచి వచ్చాయా, కింది నుంచి పోయాయా అన్నది తర్వాత సంగతి. అసలు అవి గాలిలోవేనా? బెలూన్ పాలిథీన్ మీద అంటుకుని పోయి ఉండొచ్చు. తాళ్ల మీద, పెట్టె మీద ఉండొచ్చు. ప్రయోగశాల బల్ల మీద, పని చేసే మనిషి ఊపిరిలో కూడా ఉండొచ్చు. సీసీఎంబీలో ఆ నమూనాలు చూసిన ఎస్. శివాజీకి ఈ జాగ్రత్త బాగా తెలుసు. అంటార్కిటికా మట్టిలో, చలిలో బతికే బ్యాక్టీరియాను ఏళ్ల తరబడి వెతికి పేర్లు పెట్టిన మనిషి. 2006లో ఆయన బృందం ఆ గొట్టాల నుంచి నాలుగు కొత్త బాసిల్లస్ జాతులను వర్ణించింది. ఏరియస్, ఏరోఫిలస్, స్ట్రాటోస్ఫెరికస్, ఆల్టిట్యూడినిస్ అని పేర్లు పెట్టింది. అవి గాలి పట్టడానికి వాడిన గొట్టాల నుంచి దొరికాయని వ్యాసం పేరులోనే రాసుకున్నారు. ఆకాశం నుంచి దొరికాయని రాయలేదు. ఆ జాగ్రత్త ఎంత అవసరమో 2012లో తెలిసింది. బ్రిటన్‌లో వేర్ నది ముఖద్వారం బురదలో కరెంటు పుట్టించే బ్యాక్టీరియా కోసం వెతుకుతున్న న్యూకాసిల్ శాస్త్రవేత్తలకు అదే స్ట్రాటోస్ఫెరికస్ దొరికింది.

మొదటి ప్రయోగంలో ఫలితం వచ్చినా, దాన్ని చేయించిన ఇస్రో అంతటితో ఆగలేదు. భూమి మీది సూక్ష్మజీవి ఒక్కటి కూడా చొరబడకుండా ఇంకా గట్టి జాగ్రత్తలతో మళ్లీ చేయాలని నిర్ణయించింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇది. వచ్చిన ఫలితం తమకు ఇష్టమైనదే అయినప్పుడు దాన్ని మళ్లీ అనుమానించడానికి డబ్బు, కాలం పెట్టేవాళ్లు తక్కువ.

ఈసారి వెనక నిలబడ్డ పెద్దలు కూడా మామూలువాళ్లు కాదు. ఒకరు ఆర్యభట ఉపగ్రహం కట్టించిన యు.ఆర్. రావు. ఇంకొకరు 1977లో సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ. హైదరాబాద్‌నే ఇల్లు చేసుకున్న భార్గవ, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టాలన్న యూజీసీ నిర్ణయం మీద 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత సుప్రీంకోర్టుకు పోయిన మనిషి. మూఢనమ్మకం వాసన తగిలితే చాలు విరుచుకుపడేవాడు. అలాంటాయన ఆకాశం నుంచి రాలే జీవుల ప్రయోగానికి మార్గదర్శిగా ఉన్నాడంటే, ఆయనకు దాని తుది మాట మీద నమ్మకం ఉందని కాదు. పరీక్షించదగ్గ ప్రశ్న కాబట్టి పరీక్షిద్దాం అన్నదే.

2005 ఏప్రిల్ 20న ఈసీఐఎల్ మైదానం నుంచి 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూన్ లేచింది. మోసుకుపోయిన బరువు 459 కిలోలు, అందులో 38 కిలోల ద్రవ నియాన్. ఆ నియాన్‌లో గాలి తీసేసి, శుద్ధి చేసిన 16 స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు. ఇంత పెద్ద బెలూన్ నేల మీద ఉన్నప్పుడు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. హైడ్రోజన్ పైకొనలో కొంచెం ఉంటుంది, మిగతాదంతా వేలాడే సన్నటి పాలిథీన్ తోక. ఎత్తుకు పోయిన కొద్దీ బయటి ఒత్తిడి తగ్గి అదే వాయువు వందల రెట్లు ఉబ్బి, పైన నిండు గుండ్రం అవుతుంది. దారిలో 16, 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 డిగ్రీల చలి పొర దాటాలి. ధ్రువాల వైపు ఈ పొర ఇంత చల్లగా ఉండదు. మన దగ్గర ఎగరాలంటే ఆ చలికి పెళుసెక్కి చిరగని పాలిథీన్ కావాలి. హైదరాబాద్ కేంద్రం తన బెలూన్లు తానే తయారు చేసుకోవడం వెనక ఈ అవసరం కూడా ఉంది. టీఐఎఫ్ఆర్ తరఫున రవి మంచందా బెలూన్ చూసుకుంటే, గొట్టాల బాధ్యత ఇస్రోకు చెందిన సి.బి.ఎస్. దత్‌ది. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలి పట్టుకుని, పారాచూట్‌తో గొట్టాలు కిందికి దిగాయి. భద్రంగా దొరికాయి.

ఈసారి పంపకం దేశంలోనే. కొన్ని గొట్టాలు సీసీఎంబీలో శివాజీకి, కొన్ని పుణేలోని కణ విజ్ఞాన సంస్థ ఎన్‌సీసీఎస్‌లో యోగేష్ షౌచేకు. రెండు ప్రయోగశాలలూ ఎవరి పని వారు విడిగా చేశాయి. ఫలితం బయటికి రావడానికి నాలుగేళ్లు పట్టింది. 2009 మార్చిలో ఇస్రో ప్రకటించింది. మొత్తం 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. జన్యు వేలిముద్ర లాంటి 16ఎస్ భాగాన్ని చదివి చూస్తే బ్యాక్టీరియాల్లో తొమ్మిది భూమ్మీది జాతులతో 98 శాతానికి పైగా సరిపోయాయి. మూడు బ్యాక్టీరియాలు మాత్రం అప్పటిదాకా ఎవరూ వర్ణించనివి. వాటి దగ్గరి బంధువులకన్నా ఈ మూడూ అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి. ఒకదానికి ఫ్రెడ్ హోయిల్ పేరిట జానిబాక్టర్ హోయిలీ అని, ఒకదానికి ఇస్రో పేరిట బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అని, మూడోదానికి ఆర్యభటుడి పేరిట బాసిల్లస్ ఆర్యభట్టాయ్ అని పేరు పెట్టారు.

పత్రికలు ఎలా రాశాయో ఊహించుకోవచ్చు. ఇస్రో ప్రకటన మాత్రం నోరు అదుపులో పెట్టుకుంది. ఈ జీవులను పై గాలి పొర స్ట్రాటోస్ఫియర్‌లోనే పట్టామన్న నమ్మకం ఉంది, అవి భూమికి బయటివని మాత్రం ఈ అధ్యయనం తేల్చడం లేదు, వెతుకులాట కొనసాగించడానికి ఇది ప్రోత్సాహం, అంతే అన్నది.

అంతకన్నా ఎందుకు చెప్పలేకపోయారు? ఇక్కడ ప్రయోగం కన్నా సిద్ధాంతంలో లోపం ఎక్కువ. దొరికిన జీవి భూమ్మీది జీవికి దగ్గరి చుట్టమైతే, అది కింది నుంచి పోయిందని సామాన్యంగా అనుకుంటాం. విక్రమసింఘె దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది: భూమ్మీది జీవం కూడా అక్కడి నుంచే వచ్చింది కాబట్టి చుట్టరికం ఉండటంలో వింతేముంది? ఇట్ల చుట్టమైనా గెలుపే, పరాయిదైనా గెలుపే అయితే ఆ పరీక్షలో ఓడేదెట్లా? తేల్చే దారి ఒకటి లేకపోలేదు. కణాల్లోని కర్బనం, నత్రజని ఐసోటోపుల నిష్పత్తి భూమి నిష్పత్తికి దూరంగా ఉంటే అది బలమైన సాక్ష్యం. కానీ పళ్లెంలో పెంచిన కణం ఆ పళ్లెం తిండినే తిని పెరుగుతుంది, దాని ఐసోటోపులూ అక్కడివే అవుతాయి. గాలిలో దొరికిన అసలు కణాన్నే, పెంచకుండా, కొలవాలి. అవేమో చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

విక్రమసింఘె వైపు గట్టి వాదన ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 17 కిలోమీటర్ల పైన ఎత్తుకు పోయిన కొద్దీ గాలి వేడెక్కుతుంది. కింద వేడి, పైన చలి ఉంటేనే గాలి పైకి తిరగబడుతుంది. ఇక్కడ అది తలకిందులు కాబట్టి మబ్బులు, సుడిగాలులు ఆ గీత దగ్గరే ఆగుతాయి. మరి మట్టిలో జీవి 41 కిలోమీటర్లకు ఎట్లా ఎక్కింది? 1978లో సోవియట్ శాస్త్రవేత్త ఇంషెనెత్స్కీ బృందం రాకెట్లతో 48 నుంచి 77 కిలోమీటర్ల మధ్య బ్యాక్టీరియా, బూజు పట్టామని రాసినప్పుడు కూడా ఇదే ప్రశ్న లేచింది. జవాబు కొంత 2022 జనవరి 15న దొరికింది. పసిఫిక్‌లో హుంగా టోంగా అగ్నిపర్వతం బద్దలై, బూడిద, ఆవిరి 57 కిలోమీటర్ల దాకా లేచాయి. భూమి తన మట్టిని అంత ఎత్తుకు విసరగలదని ఉపగ్రహాలు కొలిచి చూపాయి. అలాంటి పేలుడు రోజూ జరగదు నిజమే. కానీ దారి మూసి లేదు.

ఇంకో వైపు, సూక్ష్మజీవి అంతరిక్షంలో బతకగలదా అన్న ప్రశ్నకు జపాన్ వాళ్లు నేరుగా జవాబు వెతికారు. టాంపోపో అనే ప్రయోగంలో డైనోకాకస్ బ్యాక్టీరియా ఉండలను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట ఎండబెట్టారు. మూడేళ్ల తర్వాత పై పొర చచ్చింది, లోపలివి బతికే ఉన్నాయని 2020లో ప్రకటించారు.

హైదరాబాద్ గొట్టాల్లో దొరికిన మూడింటి సంగతికొస్తే, ఇస్రోనెన్సిస్‌ను 2016లో సోలిబాసిల్లస్ ప్రజాతిలోకి మార్చారు. ఆ ప్రజాతిలో మొదటి జీవి దొరికింది జర్మనీ అడవి మట్టిలో. ఆర్యభట్టాయ్‌ని 2020లో ప్రీస్టియా ప్రజాతిలో చేర్చారు. అందులోనే మట్టిలో 19వ శతాబ్దం నుంచి తెలిసిన మెగాటీరియం కూడా ఉంది. ఆర్యభట్టాయ్‌కి పేరు పెట్టాక దానికోసం చూడటం మొదలైంది, చూసిన చోటల్లా దొరికింది. మధ్యభారతం నల్లరేగడిలో సోయా, గోధుమ వేళ్ల దగ్గర జింకును కరిగించి మొక్కకు అందిస్తూ కనబడిందని 2014లో మన వ్యవసాయ శాస్త్రవేత్తలు రాశారు. బ్రెజిల్‌లో కరువు నేలల్లో పెరిగే మండకారు అనే నాగజెముడు జాతి చెట్టు వేళ్ల నుంచి దాని ఇంకో రకాన్ని ఆ దేశపు వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా బయటికి తీసింది. వాన ముఖం చాటేసినా మక్కజొన్న కొన్నాళ్లు తట్టుకునేలా విత్తనానికి పట్టించే మందుగా 2021 నుంచి అక్కడి రైతులకు దాన్ని అమ్ముతున్నారు.

(వచ్చే భాగం: 124 కాంతి సంవత్సరాల దూరంలో కె2-18బి)